గాలి మింగే గుర్రం

అమీర్‌పేటలో ఉంటూ గుర్రం మీద వ్యాసం రాస్తున్నానని చెబితే మన క్లబ్ గ్రూపులో మొదట వచ్చింది నవ్వే బొమ్మ. రెండోది, "రేసులకి అలవాటు పడ్డావా బ్రో?" అని. లేదు, మలక్‌పేట వైపు కూడా వెళ్లలేదు. నేను చూసిన గుర్రం పంజాగుట్ట దగ్గర ఒక సందులో, రేకుల షెడ్డు కింద ఉంటుంది. మా ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు దాని మీదే.

ఇలాంటి గుర్రాల్ని మీరూ చూసే ఉంటారు. ముహూర్తాలున్న సాయంత్రాల్లో ఏదో ఒక ఫంక్షన్ హాలు ముందు ట్రాఫిక్ ఆగిపోతుంది. ముందు బ్యాండు, వెనక డీజే బండి, మధ్యలో జరీ గుడ్డ కప్పిన గుర్రం, దాని మీద షేర్వానీలో చెమటలు కక్కుతూ పెళ్లికొడుకు. మనం హారన్ కొడతాం, ఇంకొంతమంది రీల్ తీస్తారు, దారి దొరకగానే వెళ్లిపోతాం. ఆ బరాత్ మహా అయితే రెండు గంటలు. మిగతా 22 గంటలు ఆ గుర్రం ఎక్కడుంటుంది, ఏం చేస్తుంది అనేది ఎవరికీ పట్టదు. మా ప్రాజెక్టంతా ఆ 22 గంటల గురించే.

ఈ ఏరియాకు గుర్రాలు కొత్తేం కాదు. మెట్రోలో ఖైరతాబాద్ దాటగానే వచ్చే ఎర్రమంజిల్ స్టేషన్ ఉంది కదా, ఆ పేరు నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ 1870 ప్రాంతంలో గుట్ట మీద కట్టించుకున్న ఇరమ్ మంజిల్ ప్యాలెస్‌ది. అక్కడ పోలో మైదానం, గుర్రాల లాయాలు ఉండేవి. 2019లో ఆ ప్యాలెస్‌ని కూల్చి కొత్త అసెంబ్లీ కట్టాలనుకుంటే హైకోర్టు ఒప్పుకోలేదు. నిజాం కాలపు గుర్రపు పందేలు మౌలాలిలో మొదలై 1886లో, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ హయాంలో, మలక్‌పేటకు మారాయి. నగర పోలీసులకూ గుర్రాలున్నాయి. నవాబుల గుర్రాలకు, పందెపు గుర్రాలకు, పోలీసు గుర్రాలకు ఎవరో ఒకరు లెక్క రాసిపెట్టారు. పెళ్లి గుర్రాలకు మాత్రం అడ్వాన్సు రాసుకునే చిన్న డైరీ తప్ప ఏ లెక్కా లేదు.

మా టీమ్‌లో ముగ్గురం. ఒకడి అన్న పెళ్లికి గుర్రం మాట్లాడటానికి వెళ్లినప్పుడు ఆ షెడ్డు చూశాం. యజమానిని అందరూ చాచా అంటారు, మేమూ అలాగే పిలిచాం. ఆయన దగ్గర రెండు ఆడ గుర్రాలున్నాయి. ఒకటి తెల్లది, వయసులో చిన్నది, కొత్తగా కొన్నది. పెళ్లిళ్లకు అందరూ దాన్నే అడుగుతారు. రెండోది ఎర్రగోధుమ రంగుది, పేరు రాణి. ఒకప్పుడు ఎక్కడో రేసుల్లో పరిగెత్తిందట, చేతులు మారి మారి ఇక్కడికి వచ్చింది. పెళ్లికొడుకులకు తెల్ల గుర్రమే కావాలి కాబట్టి రాణికి బేరాలు తక్కువ. ఎప్పుడైనా ఊరేగింపుకో, పిల్లల పుట్టినరోజుకో తీసుకెళ్తారు. మిగతా రోజుల్లో గోడ వైపు మొహం పెట్టి నిలబడే ఉంటుంది.

మొదటి రోజే మాకు ఒక శబ్దం వినిపించింది. తేన్పుకి, మూలుగుకి మధ్య ఉంటుంది. ఏమిటా అని చూస్తే, రాణి ముందు పళ్లతో దాణా తొట్టి అంచుని పట్టుకుంటోంది. మెడ వంచి, కండరాలు బిగించి, వెనక్కి లాగుతోంది. ఆ లాగుడులో గొంతులోంచి 'గుర్క్' మని శబ్దం. వదిలేస్తుంది, అంచుని నాకుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. మేం మాట్లాడుతున్నంతసేపూ ఆపలేదు. తొట్టి అంచు చెక్క అర్ధచంద్రంలా అరిగిపోయి ఉంది. నోరు తెరిచి చూపిస్తే ముందు పళ్లు కూడా అలాగే అరిగి ఉన్నాయి.

"దీనికి ఆదత్ పడ్డది బిడ్డా" అన్నాడు చాచా. "కొట్టినా పోదు, తిట్టినా పోదు. గాలి మింగుతది. పట్టీ కడితే ఆగుతది, ఇప్పితే మల్ల షురూ." మెడకు గట్టిగా బిగించే తోలు పట్టీ ఒకటి మేకుకు వేలాడుతోంది. మెడ వంచితే గొంతుకి నొక్కుకునేలా చేసింది అది.

ఆయన అసలు భయం మాత్రం రాణి గురించి కాదు. "తెల్లది పక్కనే ఉంటది కదా. దీన్ని సూసి అది గూడ నేర్సుకుంటదని అందరు అంటున్నరు. ఒకాయన రాణిని తీస్కపోతా అంటున్నడు. ఇచ్చేద్దామా ఉంచుదామా సమజైతలేదు. మీరు సదువుకున్నోళ్లు గదా, మీ కెమెరాల సూసి చెప్పుండ్రి, తెల్లది నేర్సుకుంటదా?"

తీసుకెళ్తానన్న ఆయన దేనికి తీసుకెళ్తాడో చాచా చెప్పలేదు. వయసైన, పళ్లు అరిగిన, చెడ్డ అలవాటున్న గుర్రాన్ని ఎవరైనా దేనికి కొంటారో మేం అడగలేదు. అలా మాకు ప్రాజెక్టు టాపిక్ దొరికింది. ప్రాజెక్టుకన్నా పెద్దదైన ఒక ప్రశ్న కూడా దొరికింది, ఒక గుర్రం ఉండాలా పోవాలా అన్నది.

గుర్రాల చెడ్డ అలవాట్లు పాతకాలం నుంచీ ఉన్న తలనొప్పే. విరాటపర్వంలో నకులుడు దామగ్రంథి అనే పేరుతో విరాటుడి గుర్రాల్ని చూసుకోవడానికి చేరాడు కదా. తనకు గుర్రాల స్వభావం తెలుసనీ, శిక్షణ తెలుసనీ, వైద్యం తెలుసనీ చెప్పుకున్నవాటిలో దుష్ట గుర్రాల్ని దారిలో పెట్టడం కూడా ఒకటి. అంటే అప్పటికే 'దుష్ట గుర్రం' అనే కేటగిరీ ఉందన్నమాట. ఇంగ్లీషువాళ్ల పాత పశువైద్య పుస్తకాల్లో ఇలాంటివాటికి 'స్టేబుల్ వైసెస్' అని పేరు, లాయంలో పుట్టే దుర్గుణాలు అని. తప్పు గుర్రానిదే అని ఆ పేరులోనే తీర్పు ఉంది.

ఇప్పుడు పరిశోధకులు 'స్టీరియోటిపీ' అంటున్నారు. పైకి ప్రయోజనం ఏమీ కనబడకుండా, ఒకే కదలికను ఒకే తీరుగా మళ్లీ మళ్లీ చేయడం. గుర్రాల్లో ముఖ్యంగా మూడు రకాలు. రాణిలా అంచు కొరికి గాలి పీల్చడం ఒకటి, దీన్ని క్రిబ్ బైటింగ్ అంటారు. తలుపు దగ్గర నిలబడి తలని, మెడని అటూ ఇటూ ఊపుతూ, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకు బరువు మార్చడం రెండోది, వీవింగ్. మగ్గం మీద నాడె అటూ ఇటూ తిరిగినట్టు ఉంటుంది కాబట్టి ఆ పేరు. లాయం లోపలే గుండ్రంగా నడుస్తూ ఉండటం మూడోది. బయట గుంపులుగా, స్వేచ్ఛగా తిరిగే గుర్రాల్లో ఇవి కనిపించవు. ఇది తెలిశాక నాకు 'దుర్గుణం' అనే మాట మీద మొదటి అనుమానం వచ్చింది. గుణం గుర్రంలో ఉంటే బయట ఎందుకు కనిపించదు?

ఇంకో సంగతి. రాణి గాలి మింగుతోందని చాచా అన్నాడు, ఇంగ్లీషులోనూ దీన్ని గాలి పీల్చడం అనే అంటారు. 1995లో పాల్ మెక్‌గ్రీవీ బృందం ఎక్స్‌రేలు, ఎండోస్కోపీ వాడి చూస్తే ఆ గాలి చాలావరకు అన్నవాహిక పైభాగం దాకానే వెళ్తోందని తేలింది. వందల ఏళ్లుగా అందరూ కళ్లతో చూసి, చెవులతో విని నమ్మిన విషయం లోపలికి తొంగి చూస్తే వేరేగా ఉంది.

మరి ఎందుకు చేస్తుంది? ఇక్కడ గుర్రం కడుపు గురించి కొంచెం చెప్పాలి. బయట వదిలేస్తే గుర్రం రోజులో 14, 16 గంటలు మేస్తూనే ఉంటుంది. దాని పొట్ట ఆ లెక్కకే తయారైంది. తిన్నా తినకపోయినా ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. ఆ ఆమ్లాన్ని చల్లార్చే లాలాజలం మాత్రం నమిలినప్పుడే ఊరుతుంది. గడ్డి ఎంతసేపు నమిలితే అంత లాలాజలం. మనం ఏం చేస్తాం? రెండు పూటలా దాణా పెడతాం. దాణా బలమైందే, కానీ పది, పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. మిగతా రోజంతా నోరు ఖాళీ, పొట్టలో మంట.

'గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు' అని మనకో సామెత ఉంది. పని చేయకపోయినా తిండి దండగ అని దాని భావం. రాణిని చూశాక ఆ సామెతే నాకు వేరేగా వినిపించింది. దాణాకు తక్కువ లేకపోవడమే సమస్య కావచ్చు.

ఇంగ్లండులో వాటర్స్, నికోల్, ఫ్రెంచ్ అనే ముగ్గురు పరిశోధకులు 225 గుర్రప్పిల్లల్ని నాలుగేళ్లు గమనించి 2002లో ఫలితాలు ప్రచురించారు. తల్లిపాలు మాన్పించాక దాణా మొదలుపెట్టిన పిల్లల్లో ఈ కొరికే అలవాటు వచ్చే అవకాశం నాలుగు రెట్లు ఎక్కువగా కనిపించింది. ఆ అలవాటు మొదలైన సగటు వయసు దాదాపు 20 వారాలు. అంటే అయిదు నెలలు కూడా నిండకముందే! 1995లో మెక్‌గ్రీవీ బృందమే రేసు గుర్రాల లాయాల మీద చేసిన సర్వేలో, రోజుకు 6.8 కిలోలకన్నా తక్కువ గడ్డి పెట్టేచోట ఇలాంటి అలవాట్లు ఎక్కువగా కనిపించాయి.

20 వారాలు అనే ఆ అంకె నా తలలోంచి పోలేదు. రాణి జీవితంలో చాచా చివర్లో వచ్చాడు. ఈ అలవాటు ఎప్పుడో, ఎక్కడో, తల్లి నుంచి విడదీసి ఒక గదిలో కట్టేసి మొదటిసారి దాణా పెట్టిన రోజుల్లో మొదలై ఉండొచ్చు. చేతులు మారిన ప్రతిసారీ గుర్రంతోపాటు అలవాటూ వచ్చింది. నిందేమో ఎప్పుడూ గుర్రానిదే.

చాచా ప్రశ్నకు జవాబు వెతికాం. చూసి నేర్చుకుంటుందా అన్నది చాలా దేశాల్లో గుర్రాలవాళ్లు నమ్మే విషయమే. అందుకే అలవాటున్న గుర్రాన్ని విడిగా, ఎవరికీ కనబడకుండా కట్టేస్తారు. అమెరికాలో 2009లో వచ్చిన ఒక సర్వేలో, ఇలా కొరికే గుర్రాన్ని చూసిన గుర్రాల్లో 1 శాతం మాత్రమే తర్వాత ఆ అలవాటుకు లోనయ్యాయి. అదే సర్వేలో మొత్తం గుర్రాల్లో 4.4 శాతం, థరోబ్రెడ్ జాతిలో 13.3 శాతం కొరికేవే ఉన్నాయి. అంటే వంశంలో కొంత ఉంది, పెట్టే తిండిలో ఉంది, ఉంచే తీరులో ఉంది. పక్క గుర్రాన్ని చూసి వచ్చేది అతి తక్కువ. ఒకే లాయంలో రెండు గుర్రాలకు అలవాటు వచ్చిందంటే ఒకదాన్ని చూసి ఇంకోటి నేర్చుకుందనుకుంటాం. రెండూ ఒకే లాయంలో ఉన్నాయన్న సంగతి మర్చిపోతాం.

ఇదంతా చాచాకు చెబితే ఆయన శ్రద్ధగా విని, "అమెరికా గుర్రాల సంగతి నాకెందుకు, మా తెల్లదాన్ని సూడుండ్రి" అన్నాడు. ఆయన అన్నదీ న్యాయమే. చూడటం మొదలుపెట్టాం.

టెక్నికల్ సంగతులు ఇష్టంలేనివాళ్లు ఈ పేరా దాటేయొచ్చు. మొదట ఒక పాత ఫోన్‌ని గోడకు బిగించి వీడియో తీసి, తల కదలికను మోడల్‌తో పట్టుకుందామనుకున్నాం. రాణి ముదురు రంగు, వెనక గోడ మసి రంగు, పైన ఒకే ఒక్క బల్బు. రాత్రయితే గుర్రానికీ గోడకూ తేడా మాకే తెలియట్లేదు, మోడల్‌కి ఏం తెలుస్తుంది? గడ్డి లాగినా, తొట్టి నాకినా అదే కదలికగా లెక్కపెట్టేది. అప్పుడు మా వాడొకడు, "అసలు మనకి మొదట తెలిసింది చూసి కాదు కదరా, విని" అన్నాడు. తొట్టి దగ్గర చిన్న మైక్ పెట్టాం. ఆ 'గుర్క్' శబ్దం తీరు బాగా ప్రత్యేకంగా ఉంటుంది, పట్టుకోవడం తేలికైంది. కొత్త తలనొప్పేమిటంటే ఆటో హారన్లు, ముహూర్తం రోజుల్లో ఫంక్షన్ హాలు డీజే. ఒక రాత్రి మా సిస్టమ్ లెక్క ప్రకారం రాణి బీట్‌కి తగ్గట్టు గాలి మింగింది! ఫిల్టర్లు మార్చి, కొన్ని రాత్రులు వంతులవారీగా కూర్చుని చేత్తో లెక్కరాసి సరిచూసుకున్నాక లెక్కలు కలిశాయి.

మా గ్రాఫు ఏ జర్నల్‌కీ పనికిరాదు, ఒక్క గుర్రం, కొన్ని వారాలు అంతే. ఆకారం మాత్రం ప్రతి రోజూ ఒకటే. పొద్దున దాణా పెట్టగానే గీత కొండలా లేస్తుంది. గడ్డి ఉన్నంతసేపు కిందికి దిగి ఉంటుంది. గడ్డి అయిపోయాక మెల్లగా పాకుతుంది. సాయంత్రం దాణాకు మళ్లీ కొండ. దాణా తర్వాతే ఈ అలవాటు ఎక్కువవుతుందని పరిశోధనల్లో చదివాం. పంజాగుట్ట సందులో అదే గీత మా స్క్రీన్ మీద కనబడితే ఒళ్లు జలదరించింది. తెల్లదాని వైపు పెట్టిన మైక్‌లో ఆ శబ్దం ఒక్కసారీ రాలేదు.

మొదటి రివ్యూలో ప్యానెల్ సర్ ఒకరు ఊహించని ప్రశ్న వేశారు. "ఇలాంటి గుర్రాలకు తెలివి తక్కువ ఉంటుందా? ట్రెయినింగ్‌కి పనికొస్తాయా?" మా ఇంటికీ, మా హాస్టల్‌కీ కూడా సంబంధం ఉన్న ప్రశ్న ఇది. ఎందుకో తర్వాత చెప్తాను.

దీని మీద నిజంగానే చాలా పని జరిగింది. 2005లో మెక్‌బ్రైడ్, హెమింగ్స్ అనే ఇద్దరు ఈ అలవాటున్న గుర్రాల మెదళ్లు పరిశీలిస్తే, డోపమైన్‌ని అందుకునే గ్రాహకాల్లో మామూలు గుర్రాలతో పోలిస్తే తేడాలు కనిపించాయి. అలవాట్లు ఏర్పడటానికీ, ప్రతిఫలం కోసం పనిచేయడానికీ సంబంధించిన భాగాలవి. 2007లో హెమింగ్స్ బృందం ఇంకో పరీక్ష పెట్టింది. ఒక పని చేస్తే తిండి వస్తుందని నేర్పించి, తర్వాత తిండి ఆపేసింది. మామూలు గుర్రాలు కాసేపటికి మానేశాయి. కొరికే గుర్రాలు ఏమీ రాకపోయినా ఇంకా చేస్తూనే ఉన్నాయి. అదే ఏడాది ఫ్రాన్స్‌లో మార్టీన్ హౌస్‌బెర్గర్ బృందం, పెట్టె మూత తెరిచి లోపలి తిండి తీసుకునే పరీక్షలో ఇలాంటి అలవాట్లున్న గుర్రాలు వెనకబడ్డాయని చెప్పింది.

ఇక్కడితో ఆగిపోతే సర్ ప్రశ్నకు జవాబు దొరికినట్టే. అవును సర్, మొద్దు గుర్రాలు.

2019లో స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన పేపరు ఈ జవాబుని తిరగేసింది. బ్రీఫర్ ఫ్రేమాండ్ బృందం 19 కొరికే గుర్రాల్ని, 18 మామూలు గుర్రాల్ని తీసుకుని, దారి గుర్తుపెట్టుకుని తిండి దగ్గరకు చేరే పరీక్షలు పెట్టింది. పరీక్షకీ పరీక్షకీ మధ్య విరామంలో, కావాలంటే కొరుక్కునే వీలు ఇచ్చింది. లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్‌ని కూడా కొలిచింది. నేర్చుకోవడంలో రెండు గుంపుల మధ్య తేడా కనిపించలేదు. ఇంకా చెప్పాలంటే, విరామంలో కొరుక్కున్న గుర్రాల్లో కార్టిసాల్ మిగతావాటికన్నా తక్కువగా ఉంది. పాత పరీక్షల్లో కనిపించిన వెనకబాటు తెలివిది కాకపోవచ్చు, ఒత్తిడి తగ్గించుకునే ఒక్క దారినీ మూసేసి పరీక్ష పెట్టడం వల్ల వచ్చి ఉండొచ్చు అన్నది వాళ్ల అనుమానం.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మెదడులో తేడా ఉందన్న 2005 పేపరు తప్పయిపోయిందని కాదు, అది అలాగే ఉంది. కానీ ఎవరు ఎంత నేర్చుకోగలరో కొలిచేటప్పుడు, వాళ్లని ఏ స్థితిలో నిలబెట్టి కొలిచామన్నది కూడా కొలతలో భాగమే. సెన్సర్ సరిచేయకుండా రీడింగ్ తీసుకుంటే సర్‌లు మనల్ని తిడతారు. మనుషుల దగ్గరకొచ్చేసరికి ఆ రూలు ఎందుకు మారుతుంది?

మా హాస్టల్ సంగతి చెప్తానన్నాను కదా. మైత్రివనం నుంచి పది నిమిషాల నడక. అమీర్‌పేట గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది, కోర్సుల బోర్డులు ఆకుల్లా గోడలకు అంటుకుని ఉంటాయి. మా గదిలో అయిదు మంచాలు, ఒక కిటికీ. కిటికీ తెరిస్తే పక్క హాస్టల్ గోడ. ఒక మంచం మీద పల్నాడు వైపు నుంచి వచ్చిన అన్న ఉండేవాడు. బీటెక్ అయి రెండేళ్లు. ఒక కోర్సు అయ్యాక ఇంకో కోర్సు. ఇంటర్వ్యూలు, మళ్లీ కోర్సు. రాత్రి ఒంటిగంట దాటాక లేచి కారిడార్‌లో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచేవాడు. చెప్పుల చప్పుడు. తిరిగే చోటు కూడా ప్రతిసారీ ఒకటే, వాటర్ ఫిల్టర్ దగ్గర.

హాస్టల్‌వాళ్లు మొదట నవ్వారు, తర్వాత విసుక్కున్నారు, చివరికి రాత్రి 11 తర్వాత కారిడార్‌లో తిరగకూడదని కాగితం అంటించారు. "ఒకణ్ని చూసి ఇంకొకడు పాడవుతాడు" అన్నది వాళ్ల మాట. అన్న నడక మానేశాడు. మంచం మీద కూర్చుని కాలు ఊపడం మొదలైంది. ఇనప మంచం కాబట్టి గదంతా వినబడేది. మర్నాడు మాక్ ఇంటర్వ్యూలో చిన్న ప్రశ్నకు కూడా మాట తడబడితే ఆ ట్రెయినర్ అందరి ముందూ, "నీకు ఎక్కదు తమ్ముడూ, వేరే ఏదైనా చూసుకో" అన్నాడట.

గుర్రానికీ మనిషికీ పోలిక పెట్టడం చాలా తేలిక, అందుకే నాకు భయం కూడా. అన్న గుర్రం కాదు. ఆయనకి ఇంటి అప్పు తెలుసు, చెల్లి పెళ్లి తెలుసు, తనతో చదివినవాళ్ల లింక్డిన్ తెలుసు. గుర్రాలకు ఉండే ఆమ్లం లెక్క మనకి వర్తించదు. కానీ ఒక విషయం మాత్రం రెండు చోట్లా నేను నా కళ్లతో చూశాను. కారిడార్‌లో అంటించిన కాగితం, మేకుకు వేలాడే తోలు పట్టీ, రెండూ చేసే పని ఒకటే. కనబడేదాన్ని ఆపుతాయి. కనబడకుండా ఉన్నది అలాగే ఉంటుంది. 1998లో మెక్‌గ్రీవీ, నికోల్ ఇదే చూశారు, కొరకకుండా కొంతకాలం అడ్డుకుని వదిలితే గుర్రాలు ముందుకన్నా ఎక్కువ కొరికాయి.

అలాగని అలవాటుని మంచిదనడం లేదు. పళ్లు అరుగుతాయి, ఒక రకమైన ప్రాణాంతక కడుపునొప్పికీ ఈ అలవాటుకీ సంబంధం ఉందని పరిశోధనలున్నాయి. నిద్రలేని అన్న ఆరోగ్యం కూడా అంతే. ముందు లాయాన్ని మార్చు, తర్వాత గుర్రాన్ని తిట్టు. నేను చెప్పేది ఇంతే.

చాచా లాయం మార్చాడు, తన స్తోమతలో. మేం గ్రాఫు చూపించి, దాణా తర్వాత లేచే కొండని వేలితో చూపించాం. ఆయన చాలాసేపు చూశాడు. "అంటే ఆదత్ దానిది, జాగ నాది అంటరు" అన్నాడు. దాణా రెండు పూటలా కాకుండా అంతే దాణాని నాలుగుసార్లు పంచాడు. పచ్చగడ్డి, జొన్న చొప్ప ముందు పెట్టి దాణా తర్వాత పెట్టడం మొదలుపెట్టాడు. సన్న కన్నాల వలలో గడ్డి వేలాడదీస్తే ఒక్కో పోచా లాక్కుని తినాలి, అలా ఎక్కువసేపు వస్తుంది. రెండు గుర్రాల మధ్య ఉన్న రేకుని సగం తీసేశాడు, ఇప్పుడు ఒకదాని మొహం ఇంకోదానికి కనబడుతుంది. ఊగే గుర్రాలకు పక్క గుర్రం కనబడేలా కిటికీ పెడితే, చివరికి అద్దం పెట్టినా ఊగడం తగ్గిందని ఇంగ్లండు పరిశోధనలు చెబుతున్నాయి. తెల్లది నేర్చుకుంటుందని భయపడి రాణిని పంపేద్దామనుకున్న మనిషి, అడ్డం తీసి రెండింటినీ ఎదురెదురుగా పెట్టడం అంటే మాటలు కాదు.

రాణి అలవాటు పోలేదు. పాతబడిన అలవాటు ఇక మొత్తంగా పోదనే చదివాం. గ్రాఫులో కొండలు తగ్గి గుట్టలయ్యాయి. పట్టీ మేకుకే ఉంది. ఫైనల్ రివ్యూలో "ఎంత శాతం క్యూర్ చేశారు?" అని అడిగితే, మా సిస్టమ్ వినడానికి కట్టింది సర్, క్యూర్ చేయడానికి కాదు అని చెప్పాం. మార్కులు మామూలుగానే వచ్చాయి.

అన్న హాస్టల్ ఖాళీ చేసి యూసుఫ్‌గూడలో స్నేహితుడితో ఉంటున్నాడు. పొద్దునా సాయంత్రం కృష్ణకాంత్ పార్కులో నడుస్తాడు, అక్కడ ఎవరూ ఏమీ అనరు. ఉద్యోగం ఇంకా రాలేదు. ఈ వ్యాసం రాయొచ్చా అని ఫోన్ చేసి అడిగితే, "రాయి, కానీ గుర్రం గురించి ఎక్కువ రాయి" అని నవ్వాడు. మీ గదిలో కూడా రాత్రి రెండింటికి నడిచేవాళ్లు, గోళ్లు కొరికేవాళ్లు, పెన్ను టిక్కుటిక్కుమనిపించేవాళ్లు ఉంటారు. ఆపమని చెప్పేముందు, పగలంతా వాళ్లు ఎక్కడ ఉన్నారో, ఏం తిన్నారో, ఎవరితో మాట్లాడారో ఒకసారి అడగండి.

రాణిని అడిగినాయన మళ్లీ రాలేదు. ఎండాకాలం వస్తోంది, గడ్డి రేటు పెరుగుతుంది. మూఢంలో పెళ్లిళ్లు లేని నెలల్లో రెండు గుర్రాల మేత ఖర్చు ఎలా తీస్తాడో చాచాకే తెలియదు. సెమిస్టర్ అయిపోయింది, సామాను తెచ్చేసుకోండని ఆయనే అన్నాడు. మేం ఇంకా తీయలేదు. మైక్ తొట్టి దగ్గరే ఉంది, రోజూ రాత్రి పన్నెండింటికి ఆ రోజు గీత మా ముగ్గురి ఫోన్లకూ వస్తుంది.